బాదంపాల టీ

“ఇంతకీ వాళ్ళకి అంత ఒళ్ళు మండటం ఎందుకమ్మా?” అంది వసుమతి, కుక్కర్‌లోంచి ఇడ్లీ ప్లేట్లు తీస్తూ.

కోడలు త్రివేణి నెత్తి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. అత్తగారికి సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గర పడింది. ప్రశ్నలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. సెనేట్, సుప్రీం కోర్టు, జెండా మీద గీతలు, ఎక్కడ అడిగినా తడుముకోదు. బ్రిటిష్ వాళ్ళ మీద ఇక్కడి కాలనీల జనం ఎందుకు తిరగబడ్డారు అన్నచోట మాత్రం ఆగిపోతుంది. జవాబు తెలియక కాదు. ఆ మాత్రానికే తుపాకులు పట్టుకుంటారా అని ఆవిడ సందేహం.

నిజానికి ఆవిడ పాసవడం ఆవిడకన్నా త్రివేణికే అవసరం. గ్రీన్ కార్డ్ వాళ్ళు ఇండియాలో ఆర్నెల్లు దాటి ఉంటే తిరిగొచ్చేటప్పుడు సవాలక్ష ప్రశ్నలు. అందుకని అత్తగారు రాజమండ్రిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళినా, కొత్తావకాయ పాతబడేలోపే మళ్ళీ ఇక్కడ, షికాగో పక్కన నేపర్‌విల్‌లో దిగిపోతుంది. అదే సిటిజన్ అయితే అక్కడ ఎన్నేళ్ళైనా ఉండొచ్చు. ఇల్లు త్రివేణి చేతికి వస్తుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఎన్నాళ్ళని ఇముడుతాయి?

పెళ్ళై వచ్చిన ఈ మూడేళ్ళలో ఆవిడతో పడ్డ పాట్లు ఆ దేవుడికే తెలుసు. పాత సోఫా డొనేట్ చేస్తే వారం రోజులు ముభావం. మోకాళ్ళ నొప్పులు కదా అని కింద చిన్న గది ఇస్తే, దానికీ సంతోషం లేదు. హీటర్ అరవై ఎనిమిదిలో పెడితే, ఎవరూ చూడనప్పుడు వెళ్ళి డెబ్బై నాలుగు చేస్తుంది. ఆరోగ్యానికి మంచిదని బాదంపాలతో టీ పెట్టిస్తే, ఒక్క గుక్క తాగి మిగతాది నెమ్మదిగా సింకులో వంపేస్తుంది. పల్లెత్తు మాట అనదు. అదే మరీ మంట.

పాఠం చెప్పినట్టూ ఉంటుంది, నాలుగు చురకలు అంటించినట్టూ ఉంటుంది అనుకుంది త్రివేణి.

“చూడండత్తయ్యా. మీ ఇంట్లో మీరు ఉంటున్నారనుకోండి.”

“అనుకున్నాను.”

“ఎవరో వచ్చి, మిమ్మల్ని మాటమాత్రం అడక్కుండా, అన్నీ మేం చెప్పినట్టే జరగాలంటే ఎలా ఉంటుంది? ఏం వండాలో వాళ్ళే, ఏం కొనాలో వాళ్ళే.”

“అడక్కుండానే?”

“అడక్కుండానే. టాక్సులు మాత్రం వీళ్ళు కట్టాలి.”

“ప్రాపర్టీ టాక్స్ లాంటివా?”

“అలాంటివే అనుకోండి. కట్టేది వీళ్ళు, పెత్తనం వాళ్ళది.”

వసుమతి చేతిలో చెంచా ఆగిపోయింది. చురక తగిలిందని త్రివేణి సంబరపడింది.

“పైగా సైనికుల్ని తెచ్చి వీళ్ళ ఇళ్ళల్లో దింపారు. వాళ్ళ తిండీ తిప్పలూ వీళ్ళే చూడాలి.”

“ఎన్నాళ్ళు?”

“వాళ్ళకి ఇష్టమైనన్నాళ్ళు.”

అంతలో బేస్‌మెంట్‌లోంచి కేక వినిపించింది. “అత్తయ్యగారూ! ఇంకో నాలుగు ఇడ్లీలు ఉన్నాయా?”

రఘు. త్రివేణి తమ్ముడు. జాబ్ పోయి దసరాకి వచ్చాడు, దొరకగానే వెళ్ళిపోతాడు. వసుమతి నాలుగు ఇడ్లీలు ప్లేట్‌లో వేసి, మెట్ల దాకా వెళ్ళి ఇచ్చి వచ్చింది.

“ఊఁ, తర్వాత?”

“తర్వాతేముంది, టీ దగ్గర తెగింది. మీ టీ మాకొద్దని తీసుకెళ్ళి సముద్రంలో పారబోశారు.”

“టీ దగ్గరా!” వసుమతి కుర్చీ లాక్కుని కూర్చుంది. “అయ్యో పాపం. మరి అన్నాళ్ళు ఎందుకు ఊరుకున్నారమ్మా?”

“మనవాళ్ళే కదా, ఎప్పటికైనా తెలుసుకుంటారులే అనుకున్నారు.”

“తెలుసుకున్నారా?”

“తెలుసుకునే రకాలు కావత్తయ్యా” అంది త్రివేణి, ఆవిడ కళ్ళలోకి సూటిగా చూస్తూ.

ఆ కళ్ళు చెమర్చి ఉన్నాయి. త్రివేణికి ఒక్క క్షణం జాలేసింది. మరీ ఎక్కువైందేమో అనిపించింది.

“నిజమేనమ్మా” అంది వసుమతి. “ఇప్పుడు బాగా అర్థమైంది.”

ఇంటర్వ్యూ రోజు కొడుకు అవినాష్ డ్రైవ్ చేస్తానన్నా వినకుండా, ఆవిడ ఒక్కతే ట్రెయిన్‌లో షికాగో వెళ్ళింది. మధ్యాహ్నానికి రావలసిన మనిషి సాయంత్రమైనా రాలేదు. త్రివేణి సేమ్యా పాయసం చేసి పెట్టింది. లాప్‌టాప్ ముందేసుకుని హైదరాబాద్‌కి టికెట్లు చూస్తూ కూర్చుంది. అన్నీ వన్‌వేలే.

చీకటి పడే వేళకి వసుమతి వచ్చింది. చేతిలో గ్యాలన్ పాలు. ఆవు పాలు. కోటు విప్పి, నేరుగా వెళ్ళి హీటర్ డెబ్బై నాలుగు చేసింది. ఈసారి అందరూ చూస్తుండగానే. తర్వాత పొయ్యి వెలిగించి టీకి పాలు పెట్టింది.

“ఏమైందత్తయ్యా?”

“పాసయ్యాను. ఆ ప్రశ్నే అడిగాడు. నువ్వు చెప్పినట్టే చెప్పాను. ఇంత బాగా ఇంతవరకూ ఎవరూ చెప్పలేదన్నాడు ఆఫీసర్.”

త్రివేణి గుండె దూదిపింజలా తేలిపోయింది. “మరి టికెట్ బుక్ చేసేయనా?”

“ఉండమ్మా. వస్తూ వస్తూ లాయర్‌ని కూడా కలిసొచ్చాను.”

“లాయర్ ఎందుకు?”

వసుమతి అల్లం దంచి టీలో వేసింది. మరగనిచ్చి, వడకట్టి, ఒక కప్పు కోడలి ముందు పెట్టింది. తన కప్పు తీసుకుని తృప్తిగా ఒక గుక్క తాగింది.

“జులై నాలుగు కల్లా నువ్వూ, అవినాషూ, మీ తమ్ముడూ వేరే ఇల్లు చూసుకోండమ్మా” అంది, “ఇరవై ఏళ్ళు హాస్పిటల్లో నైట్ డ్యూటీలు చేసి కొనుక్కున్న నా ఇల్లు నాకు కావాలి.”