ఫెర్మీన్ సీటు

స్పెయిన్‌లో అల్మెరియా తీరాన విల్లా తీసుకుని సెలవులకొచ్చిన దగ్గర్నుంచీ ఇదే తంతు. మడత సైకిల్ సీటుని కసిల్దా తన ఎత్తుకి దించి గట్టిగా బిగిస్తుంది. మళ్ళీ చూసేసరికి అది పోయిన మొగుడు ఫెర్మీన్ ఎత్తుకి లేచి ఉంటుంది. బతికున్నన్నాళ్ళూ ఆయన ఆ సైకిల్ మీద ఆమెని చెయ్యి వెయ్యనివ్వలేదు.

మూడో రాత్రి, తోడొచ్చిన చెల్లెల్ని నిలదీసింది. "నువ్వేనా లేపుతున్నది?"

"నాకేం పని! బావకి ఇష్టం లేదక్కా. మడిచి కార్లో పడేసి రా, చేపలు చల్లారిపోతున్నాయి," అంది ఆంపారో. "అయినా అరవై రెండేళ్ళకి సైకిలేమిటి? మోకాళ్ళు నవ్వుతాయి."

"నవ్వనీ. లైట్‌హౌస్ దాకా తొక్కుతానన్నాను. ఇప్పుడే తొక్కుతా."

సీటు దించి, బిగించి, ఎక్కింది. సముద్రం పక్క దారిలో మనిషన్నవాడు లేడు. అలల హోరులో గొలుసు కిరకిర ఒక్కటే వినిపిస్తోంది. మలుపు దాటాక సీటు కదిలింది. ఆమెతో సహా, గోరంత గోరంతగా, పైకి లేస్తోంది. కాసేపటికి పాదాలు పెడళ్ళకి అందడం మానేశాయి. సైకిల్ తూలింది.

కసిల్దా పళ్ళు బిగబట్టి ముందుకి జరిగి పెడళ్ళ మీద నిలబడింది. వెనక ఖాళీ సీటు లేవాల్సినంత లేచి ఆగింది. ఆ తర్వాత దాని స్ప్రింగులు బరువుగా మూలిగాయి.

ఆమె వెనక్కి తిరగలేదు.

"కూర్చో ఫెర్మీన్, సీటు నీదే," అంది. "తొక్కేది మాత్రం నేను."

లైట్‌హౌస్ ఎక్కుడు దారి మొదలైంది.