గెలిచినవాడు లేచే వేళ

పందెం పెంచుకుంటూ వచ్చిన లైల్, ఆరిన్ ఇంకాస్త పెంచగానే పేకముక్కలు బోర్లా పడేశాడు.

"డ్రాప్. తీసుకోరా, నీ రోజిది."

బల్ల మధ్యలో ఉన్న పందెం బిళ్లల కుప్పను ఆరిన్ వెంటనే లాక్కోలేదు. లైల్ టోపీ వంక చూశాడు. మంచి ముక్కలు పడితే లైల్ టోపీని వేలితో వెనక్కి నెడతాడు. ఆ అలవాటు ఉన్నట్టు లైల్‌కే తెలియదు. ఇప్పుడా టోపీ నడినెత్తి దాటి పోయి ఉంది.

మధ్యాహ్నం భోజనాలయ్యి, మెర్ల్ దాణా కొట్టు వెనక గదిలో నలుగురూ కూర్చున్నప్పటి నుంచీ ఇదే వరస. కొట్టు యజమాని మెర్ల్ మొదట్లోనే డ్రాప్ అంటాడు. ముసలి ఎమ్మెట్ ముక్కలు సరిగా విప్పి చూసుకోకుండానే పడేస్తాడు. మిగిలేది ఆరిన్, లైల్. లైల్ పెంచుతాడు, పెంచుతాడు, చివర్లో వదిలేస్తాడు. మామూలుగా అయితే చేతిలో ఒట్టి రెండ్ల జత ఉన్నా వదలకుండా, ముక్కలు చూపించమని పట్టుబట్టే మనిషి. బిళ్లలు అయిపోతే జేబులోంచి నోట్ల మడత తీసి మెర్ల్ దగ్గర మళ్లీ కొంటున్నాడు. పొగాకు కూడా పక్కవాడి డబ్బాలోంచి తీసుకునే లైల్‌కి అంత మడత ఎక్కడిదో.

కిటికీ బయట మంచు పడుతూనే ఉంది. ఆరిన్ కొట్టంలో గడ్డి అయిపోవచ్చింది. ఆవులకు చలికాలం గడవాలంటే గడ్డి కొనాలి. గడ్డి కొనాలంటే ఎర్రగుర్రాన్ని సోమవారం మైల్స్ సిటీ వేలానికి తోలాలి. గడ్డి తీసుకెళ్లు, ఎండలొచ్చాక ఇద్దువుగానిలే అన్నాడు మెర్ల్. ఆరిన్ వద్దన్నాడు. నా పియానో అమ్మేద్దామంది భార్య వెర్నా. అదీ వద్దన్నాడు. క్రిస్మస్ పాటలకని ఆమె దాన్ని చర్చికి పంపినప్పుడు కూడా, పండగ కాగానే తిరిగి రావాలని గట్టిగా చెప్పి మరీ ఒప్పుకున్నాడు. ఒకరు పెట్టింది అతను తీసుకోడు. పేకాటలో గెలిచింది మాత్రం తనదే.

ఇప్పుడతని ముందున్నది సగం గడ్డికి సరిపోతుంది. ఇంకాసేపు ఇలాగే సాగితే గుర్రం ఇంట్లోనే ఉంటుంది. కానీ ఎందుకు ఇలా సాగుతోంది?

నిరుడు ఆ గుర్రాన్ని లైల్ రెండుసార్లు బేరమాడాడు. ఆ సంగతి గుర్తుకు రాగానే ఆరిన్‌కి వెన్ను నిటారైంది. సంతకు తోలేముందు కోడెల్ని బాగా మేపుతారు. తనను మేపుతున్నారు. కుప్ప పెరిగాక పెద్ద పందెం ఒకటి వస్తుంది. దాని మీద గుర్రాన్ని కూడా పెట్టమంటారు. అప్పుడు లైల్ డ్రాప్ అనడు.

"నాకిదే చివరి చుట్టు," అన్నాడు ఆరిన్.

ఆ గదిలో కట్టుబాటు అది. గెలిచినవాడు ఉన్నపళంగా లేవకూడదు. ముందు చెప్పి, ప్రతివాడూ మరొక్కసారి ముక్కలు పంచేదాకా కూర్చోవాలి.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది కూడా ఆరిన్ కంట పడింది.

"ఇంకా పొద్దుందిగా," అన్నాడు లైల్. "ఇంటికెళ్లి అంట్లేమైనా తోమాలా?"

మెర్ల్ లేచి అడక్కుండానే అతని కప్పులో కాఫీ నింపాడు. అడిగినా పొయ్యని మనిషి. ఎమ్మెట్ తన వాటా ఆపిల్ కేకును అతని ముందుకు జరిపాడు. గెలుస్తున్నవాడు లేస్తానంటే ఓడినవాళ్లు తిట్టడం ఆరిన్ చాలాసార్లు చూశాడు. మర్యాదలు చేయడం ఇదే చూడటం.

మెర్ల్ పంచాడు, ఎమ్మెట్ పంచాడు. రెండు ఆటలూ ఆరిన్‌కే వచ్చాయి. తర్వాత లైల్ పంచాడు. ఈసారి ఆరిన్ చేతిలో ఏమీ లేదు, ఒక్క జత కూడా పడలేదు. లైల్ పెంచాడు. ఆరిన్ కావాలనే ఇంకా పెంచాడు. లైల్ ముక్కలు చూసుకున్నాడు, టోపీ వెనక్కి నెట్టాడు, నిట్టూర్చాడు.

"డ్రాప్."

పడేసిన ముక్కలు తిప్పి చూడకూడదు. ఆ బల్ల దగ్గర అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఆరిన్ చెయ్యి చాచి లైల్ ముక్కలు తిప్పాడు.

మూడు రాణులు.



"ఈమధ్య చూపు ఆనట్లేదురా," అన్నాడు లైల్.

"మొన్న కొండవాలు మీద నక్కను తుపాకీతో కొట్టావు."

"నక్క ముక్కకన్నా పెద్దది కదా."

ఆరిన్ బిళ్లలన్నీ మెర్ల్ ముందుకు తోశాడు. చుట్టు పూర్తి కాలేదని మెర్ల్ గొణిగాడు. దొంగాటకి చుట్టేమిటన్నాడు ఆరిన్. మెర్ల్ లెక్కగట్టి ఇచ్చిన నోట్లు కోటు లోపలి జేబులో పెట్టుకుని లేచాడు.

"గుర్రం నీ చేతికి రాదు లైల్."

లైల్ నోరు తెరిచాడు. మెర్ల్ వంక చూసి మూసుకున్నాడు. ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి ఆడి వెళ్లమని ఎమ్మెట్ వెనక నుంచి అంటూనే ఉన్నాడు. ఆరిన్ తలుపు వేసేశాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. బండి చప్పుడు విని వెర్నా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇంత పెందరాళే వచ్చాడేమని అడిగింది. ఆరిన్ నోట్లు బల్ల మీద పెట్టి అంతా చెప్పాడు. టోపీ సంగతి, కాఫీ సంగతి, రాణుల సంగతి, వాళ్లెంత ఆపినా సరైన వేళకు తను లేచిన సంగతి.

"నా కళ్లు కప్పాలని చూశారు," అన్నాడు.

వెర్నా నోట్లను వేలితో విడదీసి చూసింది. మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఇంకో గంట ఉండలేకపోయావా ఆరిన్? నా పియానో డబ్బు సగం ఇంకా లైల్ జేబులోనే ఉండిపోయింది."