మారు అన్నం

నాలుగు నెలల్లో మా మనవరాలు మెర్సీ ఏడు కిలోలు పెరిగింది. పదో తరగతి పిల్ల. గూడెం ఆసుపత్రిలో డాక్టరమ్మ దాన్ని కాటా మీంచి దింపి అడిగింది.

"ఆకలేసి తింటున్నావా అమ్మా, ఊరికే తింటున్నావా?"

నాకు ఒళ్లు మండింది. "కొల్లేట్లో ముప్పై ఏళ్లు చేపలకి మేత వేసినవాణ్ణండీ. ఏ చేప ఆకలికి తింటుందో, ఏది పక్కదాన్ని చూసి తింటుందో గట్టు మీద నిలబడి చెబుతాను. మా పిల్లది ఆకలే!"

"తాతగారూ, మీరు కాసేపు ఆగండి."

మెర్సీ తల వంచుకుంది. "తాతయ్య కోసమండీ. నేను మారు వడ్డించుకోకపోతే ఆయన కంచం ముందునుంచి లేచిపోతారండీ. అందుకే ఆకలి లేకపోయినా తింటున్నాను."

దాని చేత తినిపించడానికే కదా రోజూ ఆ మారు అన్నం నేను మింగుతున్నది!

డాక్టరమ్మ నన్నూ కాటా ఎక్కమంది.

"ఎందుకండీ, చొక్కా గుండీలు చెబుతూనే ఉన్నాయి," అన్నాను.

బస్టాండులో మెర్సీ నిలదీసింది. "నిజం చెప్పండి తాతయ్యా, ఇప్పుడు ఆకలిగా ఉందా?"

"లేదే."

"నాకూ లేదు."

ఇంటికెళ్లి ఇద్దరం ఒక్కసారే వడ్డించుకుని, హాయిగా లేచాం.

తెల్లారి కడుపులో ఏదో మండుతుంటే, జబ్బేమోనని హడిలిపోయి మెర్సీని లేపాను.

"జబ్బు కాదు తాతయ్యా, ఆకలి," అని పకపకా నవ్వింది.

వాళ్ల నాయనమ్మ పోయిన ఈ నాలుగు నెలల్లో, ఆకలి ఎలా ఉంటుందో మర్చేపోయాను.