గోడ అలాగే ఉంది

ఆ పొద్దున ఆకాశం పిండకుండా ఆరేసిన పాత దుప్పటిలా స్టూడియో కప్పుల మీదికి వేలాడుతోంది. సూర్యుడు లేచాడో లేదో తెలియదు. మంచు మాత్రం గేటు దాకా వచ్చి నిలబడింది.

మంచుతో పాటే గొడుగావిడ కూడా.

"తేడాలమ్మగారూ, మళ్ళీ వచ్చిందండీ," అన్నాడు వాచ్‌మన్. "వాన లేదు, ఎండ లేదు, ఆ గొడుగెందుకో ఆవిడకే తెలియాలి. రోజూ నా ప్రాణం తోడేస్తోంది."

తేడాలమ్మ అసలు పేరు యూనిట్లో అందరూ మరిచిపోయారు. ఎప్పుడో మూడు భాగాలుగా ఆడిన సినిమాకి, ఆ కథకంటే ముందు జరిగిన కథ ఇప్పుడు తీస్తున్నారు. పాతదానికీ కొత్తదానికీ ఎక్కడ పొసగదో పట్టుకోవడం ఆమె పని. పాతదాంట్లో హీరోది ఎడమచేతి వాటమైతే, కొత్తదాంట్లో వాడే చిన్నపిల్లాడై కుడిచేత్తో రాయి విసరకూడదు. తేడా కనబడితే ఆమెకు నిద్ర పట్టదు.

ఇన్నాళ్ళూ, "అభిమానులతో మాట్లాడే తీరిక లేదని చెప్పు," అని కిటికీలోంచే పంపించేసింది. నిన్నటితో పని తెమిలింది. మనసు తేలిగ్గా ఉంది.

"రానీ పాపం," అంది.

గొడుగావిడ చలికి తలగుడ్డ కనుబొమలు మూసేలా కిందికి లాగి కట్టుకుంది. కళ్ళూ ముక్కూ తప్ప ఏమీ కనబడడం లేదు.

"పాత సినిమా మార్చేస్తున్నారటగా అమ్మా?"

"మార్చడం కాదండీ, సరిచెయ్యడం. కొత్తది హీరో వాళ్ళమ్మ కథ. పాతదాంట్లో ఆవిడ అప్పటికే పోయింది, గోడ మీద ఫోటో ఒక్కటే ఉంటుంది. ఆ ఫోటోలో మొహం వేరు, ఇప్పుడు వేసే అమ్మాయి మొహం వేరు. ఊరుకుంటే మీ అభిమానులే దుమ్మెత్తిపోస్తారు!"

"ఈ అమ్మాయినే ఆ ఫోటోలా తయారుచెయ్యకూడదా?"

తేడాలమ్మకు నవ్వొచ్చింది.

"భలేవారే! ఆ అమ్మాయి ముక్కు చూడడానికే కదండీ జనం వచ్చేది. ఫోటోలో ఆవిడెవరో ఎవరికీ తెలీదు. అడిగేవాళ్ళూ లేరు."

గొడుగావిడ గొడుగు మడిచింది. చాలాసేపు మడిచింది.

"మా నాన్న ఆ సినిమాకి వడ్రంగి," అంది. "మా అమ్మ పోయిన ఏడే ఆ ఫోటో ఉన్న సెట్టు గోడ కట్టాడు. నేనప్పటికి చంటిపిల్లని. ఒక్కసారి చూడనిస్తారా?"

"ఓస్, గోడేనా! ఆ మాట ముందే చెప్పొద్దూ? రండి."

గదిలో దీపాలు ఆర్పారు. తెర మెల్లగా తెల్లవారింది.

పాత హీరో తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చాడు. కిటికీ వెలుతురులో దుమ్ము కణాలు దిగీ దిగకుండా తేలుతున్నాయి. కెమెరా నిద్రలో నడిచే మనిషిలా గోడ వెంట సాగి, ఫోటో దగ్గర ఆగింది.

అందులో కొత్తమ్మాయి నవ్వుతోంది.

"ఎంత బాగా అతికిందో చూశారా?" అంది తేడాలమ్మ. "పాతావిడకి ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేచి ఉండేది, ఏదో అడగబోయి ఆగినట్టు. మహా మొండిది లెండి. అది తుడవడానికే నిన్న పొద్దంతా పట్టింది."

"పాతది ఎక్కడన్నా ఉంటుందా?"

"ఆ ఫోటో అప్పట్లోనే సెట్టుతో పాటు వానలో నానిపోయిందట. రీళ్ళు బూజు పట్టాయి. బయట తిరిగే కాపీల్లో మొహాలే ఆనవు. మంచి కాపీ ఈ ఒక్కటే మిగిలింది. దాని మీదే దిద్దేశాం."

తెర మీది వెలుతురు ఆవిడ ఒళ్ళో ఉన్న గొడుగు మీద కాసేపు ఆడి, ఆరిపోయింది.

"మీ నాన్నగారి గోడని మాత్రం వేలు పెట్టి ముట్టుకోలేదండోయ్," అంది తేడాలమ్మ ఓదార్పుగా.

"అవును. గోడ అలాగే ఉంది," అంది గొడుగావిడ. "మేకు కూడా ఆయన కొట్టిందే."

బయటికి వస్తే మంచు ఇంకా విడలేదు. ఆవిడ గేటు వైపు తిరిగింది.

"పొద్దున్నే వచ్చి ఉత్త కడుపుతో వెళ్తారా? నాలుగు మెతుకులు తినిపోండి," అని తేడాలమ్మ చెయ్యి పట్టుకుని యూనిట్ వంట షెడ్డులోకి తీసుకెళ్ళింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. కంచాల్లోంచి ఆవిరి లేస్తోంది. పొయ్యిల వేడికి ఉక్కపోసి గొడుగావిడ తలగుడ్డ విప్పి పక్కన పెట్టుకుంది. తొందరపడి నెరిసిన జుట్టు. తల వంచుకుని తింటోంది.

తేడాలమ్మకు పొలమారింది.

గొడుగావిడ తలెత్తి, మంచినీళ్ళ గ్లాసు ఆమె వైపు జరిపింది. ఆవిడ ఎడమ కనుబొమ ఒక్కటే పైకి లేచి ఉంది, ఏదో అడగబోయి ఆగినట్టు.

మళ్ళీ తల వంచుకుంది.

మేకు కొట్టిన వడ్రంగి ఆ రోజు దానికి తన ఇంటావిడ ఫోటోనే తగిలించాడని, ఆవిడ కూతురి ఎదుట మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్న తేడాలమ్మకు అప్పుడు తెలిసింది.