తలుపు వెనక చెంపదెబ్బ

"పో బయటికి!"

"పోను!"

"పోతావా, పోవా?"

"ఇల్లు నీ ఒక్కడిదా?"

ఠపీమని చెంపదెబ్బ. వెంటనే ఏదో బరువైనది దబ్బుమని నేల మీద పడింది.

చేతిలో గరిటె అలాగే పట్టుకుని తల్లి తలుపుకి చెవి ఆనించింది. అంతలో భర్త గొంతు గట్టిగా వినిపించింది.

"మళ్ళీ!"

మళ్ళీ ఎదురు చెప్తావా అని కాబోలు. అంతే, రభస మొదటికొచ్చింది. పో బయటికి, పోను...

మూడు నెలలుగా ఇదే వరస. కొడుకు బంగారం లాంటి ఆఫీసు ఉద్యోగం వదిలేసి, పుట్టినరోజు పార్టీల్లో పిల్లల్ని నవ్వించే జోకరునవుతానన్న రోజు నుంచి ఆయన వారం పాటు నోరు విప్పలేదు. జీవితమంతా లెక్కల మాస్టారుగా చేసిన మనిషి. ఆయన నీడ పడితే పిల్లలు బెంచీల కింద దూరేవారు. అలాంటాయన కొడుకు ముక్కుకి ఎర్రబంతి తగిలించుకుని గంతులేస్తానంటే ఊరుకుంటాడా? అప్పట్నుంచీ సాయంత్రమైతే చాలు, కొడుకు గదిలోకి వెళ్ళి తలుపేసుకోవడం, ఈ గోల.

తలుపు తెరుచుకుంది. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. ఆవిడ ముందు కొడుకు గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. ఇటు చెంప చూసింది, అటు చెంప చూసింది. వాత కాదు కదా, ఎరుపైనా లేదు.

"ఏంటమ్మా, మామిడిపండులా తిప్పి చూస్తావ్?"

"ఏమండీ, ఎదిగిన కొడుకు మీద చెయ్యి చేసుకుంటారా?"

"అది మా ఇద్దరి మధ్యా విషయం. నీకెందుకు?" అన్నాడాయన ముఖం తుడుచుకుంటూ. "ఆదివారంతో తేలిపోతుందిలే."

"ఏం తేలుతుంది?"

"కుదిరితే సరి. లేకపోతే ఈ వేషాలు కట్టిపెట్టడమే."

ఆవిడ వెళ్ళి అన్నం వడ్డించింది. చిత్రమేమిటంటే, కొట్టుకున్న ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మారు అడిగి మరీ తిన్నారు. ఇదెక్కడి వింత!

మర్నాడు చెల్లెలికి ఫోన్ చేసి మొత్తం చెప్పుకుంది.

"అక్కా, చీమ చిటుక్కుమన్నా పామనుకుంటావు నువ్వు. తండ్రీకొడుకులన్నాక మాటా మాటా అనుకోరా?"

"మాటలైతే ఎందుకేడుస్తానే? దెబ్బ వినిపిస్తుంది, వాత కనిపించదు. పైగా ఆ గదిలో వీడు పొరపాటున కూడా 'నాన్నా' అనడు. ఎంత కోపమైతే మాత్రం కన్నతండ్రిని పిలిచే పిలుపు మరిచిపోతారా?"

"బావగారేమంటారు?"

"ఆయనేమంటారు? నేను నీలం పువ్వులు కుట్టి ఇచ్చిన దిండు ఎక్కడ పారేశారో, వట్టి మంచం మీద పడుకుంటున్నారు. మెడకి మంచిదట! బెంగ పెట్టుకున్నారే."

"ఆయన మనసులో మాట నీతో చెప్పి ఉంటే బాగుండేది. కానీ నీకేదైనా చెప్పాలంటే అందరికీ హడలు. బావగారు స్టూలెక్కి బల్బు మారిస్తే అంబులెన్సు నంబరు వెతికినదానివి."

"మరి ఆయన మోకాళ్ళు!"

"అదిగో, మొదలెట్టావు."

ఆదివారం రానే వచ్చింది. భర్త పొద్దున్నే స్నేహితుడి ఇంటికంటూ, ఆవిడ కళ్ళలోకి చూడకుండా వెళ్ళిపోయాడు. కొడుకు పెట్టె సర్దుకున్నాడు.

"మన బజారు చివరి పెద్ద హాలమ్మా, వంద మంది పిల్లలు. ఇవాళ నవ్వారా, ఇక నాకు తిరుగులేదు. నవ్వలేదా, బుద్ధిగా ఆఫీసుకే."

"ఒక్కడివేనా?"

"నా జోడీ ఉన్నాడుగా, పొట్టజోకరు."

"ముక్కూ మొహం తెలియనివాణ్ణి నమ్ముకుని..."

"ఆ ముక్కే మా పెట్టుబడమ్మా!" నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇల్లు నిశ్శబ్దమైపోగానే ఆవిడకి అనుమానం పుట్టింది. ఆదివారంతో తేలిపోతుందన్నాడాయన. కొంపదీసి స్నేహితుడి ఇంటికి కాక తిన్నగా ఆ హాలుకే వెళ్ళాడా? వంద మంది పిల్లల ముందు కన్నకొడుకుని చెయ్యి పట్టుకుని బయటికి ఈడుస్తాడా? చెప్పుల్లో కాళ్ళు పెట్టి పరుగు తీసింది.

హాల్లో ఆఖరి వరస వెనక నిలబడి ఒక్కొక్క కుర్చీ వెతికింది. భర్త ఎక్కడా లేడు. హమ్మయ్య అనుకుంది.

వేదిక మీద ఒక అట్టపెట్టె ఇల్లు. దానిలోంచి కొడుకు, పడవలంత బూట్లతో. వాడి వెనకే పొట్టజోకరు. రంగు పులిమిన మొహం, ఎర్ర ముక్కు, ఊలు జుట్టు, కుండంత బొజ్జ. పల్టీ కొట్టబోయి చతికిలబడ్డాడు. పిల్లలు గొల్లుమన్నారు.

"అయ్యో పాపం, పెద్దవాడిలా ఉన్నాడే," అని ఆవిడ ప్రాణం ఉసూరుమంది. "ఈయన ఇలా పడుతున్నాడని ఇంట్లో ఆ ఇల్లాలికి తెలుసో లేదో!"

పొట్టజోకరు లేచి నడుం మీద చెయ్యేసుకున్నాడు. కీచుగొంతుతో అరిచాడు.

"పో బయటికి!"

"పోను!"

"పోతావా, పోవా?"

"ఇల్లు నీ ఒక్కడిదా?"

ఆవిడ కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. పొట్టజోకరు చెయ్యి కొడుకు చెంప పక్క నుంచి గాలిలోనే పోయింది. ఠపీమన్న చప్పుడు కొడుకు నడుం దగ్గర చాటుగా కొట్టిన చప్పట్లది. కొడుకు దబ్బుమని పడ్డాడు.

"మళ్ళీ! మళ్ళీ!" వంద గొంతులు.

మళ్ళీ కొట్టారు, మళ్ళీ పడ్డారు. ఈసారి పొట్టజోకరు చొక్కా గుండీలు తెగి బొజ్జ జారి కింద పడింది. దిండు. దాని మీద నీలం పువ్వులు.

దాన్ని తీసుకోబోతూ పొట్టజోకరు తలెత్తి ఆఖరి వరస వైపు చూశాడు. మోకాలు రుద్దుకుంటున్న చెయ్యి చటుక్కున వెనక్కి దాచుకున్నాడు.

మూడు నెలలుగా ఆ గదిలో ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు.