యాసిడ్‌లో మెట్టెలు

"గా గిన్నెల ఉన్నయి మెట్టెలు గాదే?"

డాబా మీద బట్టలారేస్తున్న సైదమ్మ చేతిలోంచి తడిచీర జారిపోయింది.

"అవ్, నాయే అత్తమ్మా. దగ్గరికి రాకు," అంది కోడలు గీత.

పిట్టగోడ పక్కన గాజు గిన్నె. అందులో యాసిడ్. యాసిడ్‌లో మెట్టెలు బుసబుస పొంగుతూ ఎర్రటి పొగ కక్కుతున్నాయి. గీత చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు పెద్ద అద్దాలు, మూతికి మాస్కు, కాళ్ళకు మొగుడి బూట్లు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, పొగ తన మీదికి రాని వైపు నిలబడింది. పక్కన, యాసిడ్ ఒలికితే పొయ్యడానికి బకెట్టులో వంటసోడా కలిపిన నీళ్ళు, తీసిన వెండిని ముద్ద చెయ్యడానికి చిన్న పొయ్యి పెట్టుకుంది. పాత వెండిని కరిగించి శుద్ధి చేసే పని నేర్చుకుంటోంది. ఇది మొదటి వాయి.

"మొగడు బతికుండంగ మెట్టెలు యాసిడ్ల ఏస్తవా!" సైదమ్మ లబోదిబోమంది. "ఓ మహేందరూ! జల్ది పైకి రారా! నీ పెండ్లాం కొంప ముంచుతున్నది!"

మహేందర్ పరుగున వచ్చాడు. బాటసింగారం పండ్ల మార్కెట్టుకు ట్రాలీ ఆటో వేసుకుపోయి అప్పుడే ఇల్లు చేరాడు పాపం. వెనకాలే అతని తండ్రి గోపయ్య ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు.

గిన్నెలోకి తొంగిచూడగానే మహేందర్ ముఖం మాడిపోయింది. "కరిగించనీకి మెట్టెలే దొరికినయా నీకు?"

"మంది సొమ్ము మీద నేర్చుకుంటనంటే ఎవరిస్తరు? మొదలు నాది పెట్టాలె. గీ మెట్టెలు పగిలి చీరలన్ని చింపుతున్నయి. దిల్‌సుఖ్‌నగర్‌ల వెండి దుకాణపాయన చేత్తోని ముట్టకుండనే సగం తరుగు పోతదన్నడు. ఎందుకు పోవాలె? నా వెండి నేనే తీసుకుంట."

"కొత్తయి నేను తెస్తుంటి గద!"

"ఎవ్వరు తేవద్దు."

గోపయ్య గొంతు సవరించుకున్నాడు. "యాసిడ్ తోని ఆటలేంది బిడ్డా? ఏమన్నయితే ఓనరు ఇల్లు ఖాళీ చెయ్యమంటడు."

"ఆట గాదు మామా. యాసిడ్ల నీళ్ళు పోస్తే మీదికి చిమ్ముతది. నేను నీళ్ళల్ల యాసిడ్ పోసిన. ఎట్ల పొయ్యాల్నో, మిగిలింది ఎట్ల పారెయ్యాల్నో అన్నీ నేర్చుకున్నంకనే పొయ్యి పెట్టిన."

ఈలోపు సైదమ్మ కిందికి పోయి పసుపుదారం పట్టుకొచ్చింది. "బూట్లిప్పు. మెట్టెలు లేని వేళ్ళు ఒక్క గడియ గుడ ఉండొద్దు. దారం కడత."

"దారమెందుకు అత్తమ్మా? మనిషి ఎదురుంగనే నిలబడ్డడు గద!"

గీత తగ్గే రకం కాదు. తగ్గమన్నకొద్దీ పెరిగే రకం. అది మహేందర్‌కు బాగా తెలుసు. అందుకే దారి మార్చాడు.

"సరే, షర్తు పెట్టుకుందం. గిన్నెల వెండి రాకుంటే ఇయ్యాల్టితోని గీ పని బంద్. సామానంత కబాడీకి ఏస్త."

"వస్తే?"

"వస్తే నీ ఇష్టం."

"వస్తే గీ డాబా మీద నా పొయ్యి ఉంటది. ఒక్కలు గుడ నోరు మెదపొద్దు. మంజూరా?"

"మంజూర్," అన్నాడు చప్పున.

పొగ తగ్గింది. గిన్నెలో నీళ్ళు నీలంగా తిరిగాయి. ఆ నీలం వెండిలో కలిపే రాగిది. వెండి ఉంటే, ఉప్పునీళ్ళు తగలగానే పాలు విరిగినట్టు తెల్లగా విరగాలి. పని నేర్పిన చక్రపాణి సారు చెప్పిన మొదటి పాఠం అదే. గీత ఆ నీళ్ళు కొంచెం గాజుగ్లాసులోకి వంచి, ఉప్పునీళ్ళు పోసింది.

ఏమీ విరగలేదు. ఇంకాస్త పోసింది. నీలం నీలంగానే ఉంది.

"అయిపాయె!" మహేందర్ హుషారుగా చేతులు దులుపుకున్నాడు. "ఉన్న మెట్టెలు గుడ పాయె. ఇగ బంద్ చెయ్."

"దుకాణపోడే నయం. సగమన్న ఇస్తుండె," అన్నాడు గోపయ్య.

గీతకు ఏడుపొచ్చింది. ఎంత మోజుతో నేర్చుకుంది! కానీ వీళ్ళ ముందు ఏడవడమా? అంతకన్నా చావు నయం.

కిందికి పోయి, చిన్నప్పుడు తల్లి చేయించిన పట్టీల్లోంచి ఒక గజ్జె తెంచుకొచ్చింది. ఇంకో గిన్నెలో కొత్తగా యాసిడ్ కలిపి అందులో వేసింది. మళ్ళీ పొగ. మళ్ళీ నీలం. మళ్ళీ ఉప్పునీళ్ళు.

బొట్టు పడీ పడగానే గ్లాసంతా తెల్లగా విరిగింది.

"చూసిండ్రా? ఉప్పు మంచిదే. యాసిడ్ మంచిదే. నా చెయ్యి గుడ మంచిదే." గీత కళ్ళద్దాలు తీసి మొగుడి వైపు తిరిగింది. "మెట్టెలే మంచియి గావు. పెండ్లినాడు నా వేళ్ళకు తొడిగినయి గావు ఇవి. పోయిన బతుకమ్మకు మెరుగు పెట్టించుకొస్తనని తీస్కపోయినవు, యాదికున్నదా? ఏడ అమ్మినవు?"

మహేందర్ గిన్నె వంక చూడకుండా జేబులో ఆటో తాళాలు వెతుక్కున్నాడు. గీతకు ఒళ్ళు మండిపోయింది.

"పొయ్యి ఈడనే ఉంటది," అంది.

కన్నకొడుకును ఏమన్నా అంటే సైదమ్మ ఊరుకునే మనిషి కాదు. కోడలి మీద విరుచుకుపడుతుందనే అనుకున్నాడు మహేందర్. ఆమె పడలేదు. పిట్టగోడ మీద కాలు పెట్టి, కుచ్చిళ్ళు పైకి జరిపి, వేలికున్న మెట్టెను తిప్పి తిప్పి ఊడబీకి గీత చేతిలో పెట్టింది.

"నాయి గుడ అప్పుడే మీ మామ మెరుగుకు తీస్కపోయిండు. జర ఏసి చూడు బిడ్డా," అంటూ మొగుడి కోసం వెనక్కి తిరిగింది.

గోపయ్య అప్పటికే చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగుతున్నాడు.