నలభయ్యొకటో మెట్టు

లోకమంతా నిండి ఉన్నా కంటికి ఆనని తేలికపాటి రేణువులను వెతకమని, పరిశోధన కేంద్రం వాళ్లు ఇంటింటికీ ఒక వినికిడి పెట్టె ఇచ్చిన కాలమది. రేడియోలో స్టేషన్ వెతికినట్టు రోజుకో మెట్టు మీట తిప్పి, ముల్లు కదిలిందేమో చూడాలి. వీధిలో అందరూ తమ వంతు మెట్లు ఎప్పుడో ముగించేశారు. సత్యవేణి మాత్రం ఇంకా నలభయ్యొకటి దగ్గరే ఉంది. సోమవారం వచ్చి పెట్టె పట్టుకుపోతామని ఉత్తరం కూడా వచ్చింది.

"మెట్టుకి ఒక్కరోజు చాలన్నారు కదమ్మా! మూడేసి రోజులు కూర్చుంటావేం?" కూతురు హిమజ విసుక్కుంది.

"గ్యాసు కట్టేశానో లేదో మూడుసార్లు చూడబట్టే ఈ ఇల్లింకా నిలబడుందే. నేను మీట తిప్పేశాక ఆ రేణువు వస్తేనో?"

ఆదివారం పొద్దున్న, ఆ మెట్టుకది మూడో రోజు, ముల్లు వణికింది. పెట్టె పాడుచేశాననుకుని సత్యవేణి గబగబా లేచింది. కేంద్రానికి ఫోన్ చేసి, "బాబూ, తప్పంతా నాదే, పిల్లనేమీ అనకండి" అంది.

అవతలతను ఆ మెట్టు అంకె రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. సాయంత్రానికల్లా దేశంలోని పెట్టెలన్నీ ఆ మెట్టుకే తిప్పించారు. సరిగ్గా మూడో రోజున ప్రతి ఇంట్లోనూ ముల్లు లేచింది. ఒక్కరోజుకి అందనంత సన్నని అలికిడట ఆ రేణువుది! ఇన్నాళ్లూ నవ్విన వీధంతా సత్యవేణి గుమ్మంలో చేరి ఈలలు వేసింది.

మర్నాడు ఇంటింటికీ కొత్త ఉత్తరం వచ్చింది. ఇంకా దొరకని రేణువుల కోసం, ఇకపై ప్రతి మెట్టుకీ మూడు రోజులు కూర్చోవాలట. హిమజ అది చదివి తల్లిని కావలించుకుని గంతులేసింది.

"సరేలే," అంది సత్యవేణి కళ్లు తుడుచుకుంటూ, "గ్యాసు కట్టేశావో లేదో చూసి రా."

"చూశానమ్మా. మూడుసార్లు."